ఇంగ్లీష్ వాక్యంలో నామవాచకాన్ని ఎక్కడ పెట్టాలి? సబ్జెక్ట్, ఆబ్జెక్ట్ సరిచూసుకునే పద్ధతి

"కుక్క మనిషిని కరిచింది" అన్నా, "మనిషిని కుక్క కరిచింది" అన్నా తెలుగులో కరిచింది కుక్కే. మనిషికి తగిలిన "ని" అతను వాక్యంలో ఏ మూల ఉన్నా కర్మగానే ఉంచుతుంది. ఇంగ్లీష్‌లో ఆ "ని" లేదు. "ద డాగ్ బిట్ ద మ్యాన్" అంటే కరిచింది కుక్క. "ద మ్యాన్ బిట్ ద డాగ్" అంటే కరిచింది మనిషి. పదాలు అవే, మారింది చోటు ఒక్కటే. వెర్బ్‌కి ముందున్నది సబ్జెక్ట్, తర్వాత ఉన్నది ఆబ్జెక్ట్.

ఇంగ్లీష్ మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీష్‌లో నామవాచకాలకు మన విభక్తుల్లాంటి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి అరిగిపోయాయి, వాటి పనిని పదాల వరుస తీసుకుంది. ఇప్పుడు "ఐ, మీ", "హీ, హిమ్" వంటి సర్వనామాల్లోనే ఆ తేడా కనిపిస్తుంది. కాబట్టి తెలుగు వాక్యాన్ని పదం పదం మార్చుకుంటూ పోతే, ప్రత్యయాలు రాలిపోయి ఎవరు ఎవర్ని ఏం చేశారో తెలియని వాక్యం మిగులుతుంది. కింది వరుసలో వెళ్లండి.

1. ముందు వెర్బ్‌ని పట్టుకోండి

వాక్యం మొదట్నుంచి చదువుతూ సబ్జెక్ట్ కోసం వెతక్కండి. ముందు వెర్బ్ తేలాలి. దాన్ని గుర్తుపట్టడానికి కాలం మార్చి చూడండి. "మై సిస్టర్ టీచెస్ మ్యాథ్స్ ఇన్ వరంగల్" అనే వాక్యాన్ని గతంలోకి తీసుకెళ్తే "మై సిస్టర్ టాట్ మ్యాథ్స్ ఇన్ వరంగల్" అవుతుంది. మారిన మాట "టీచెస్". అదే వెర్బ్.

2. వెర్బ్‌ని రెండు ప్రశ్నలు అడగండి

"ఎవరు టీచెస్?" అని అడిగితే "మై సిస్టర్" వస్తుంది. అది సబ్జెక్ట్. "టీచెస్ దేన్ని?" అంటే "మ్యాథ్స్". అది ఆబ్జెక్ట్. మిగిలిన "వరంగల్" కూడా నామవాచకమే, కానీ దాని ముందు "ఇన్" అనే ప్రిపోజిషన్ ఉంది. ప్రిపోజిషన్ వెనకున్న నామవాచకం ఆ ప్రిపోజిషన్‌కే చెందుతుంది, వెర్బ్‌కి సబ్జెక్టూ కాదు, నేరుగా ఆబ్జెక్టూ కాదు. మొదట్లో ఇలాంటి ముక్కలన్నిటినీ పెన్సిల్‌తో కొట్టేసి, మిగిలిన దాంట్లో వెతకండి. పని సులువవుతుంది.

సబ్జెక్ట్ అంటే పని చేసేవాడు అని స్కూల్లో నేర్పుతారు. చాలా వాక్యాలకు అది సరిపోతుంది, కానీ దాన్నే పూర్తిగా నమ్ముకుంటే దెబ్బతింటారు. "ద విండో బ్రోక్" అన్నప్పుడు కిటికీ ఏ పనీ చేయలేదు, అయినా సబ్జెక్ట్ అదే. "ద లెటర్ వజ్ రిటెన్ బై రవి"లో రాసింది రవి, సబ్జెక్ట్ మాత్రం ఉత్తరం. ఇంతకన్నా గట్టి పరీక్ష ఒకటుంది. వాక్యాన్ని వర్తమాన కాలంలో పెట్టండి: ఏ నామవాచకాన్ని బహువచనం చేస్తే వెర్బ్ మారుతుందో అది సబ్జెక్ట్. "ద కీ ఓపెన్స్ ద డోర్"లో తాళంచెవిని బహువచనం చేస్తే "ద కీస్ ఓపెన్ ద డోర్". వెర్బ్ మారింది. తలుపును బహువచనం చేసి "ద కీ ఓపెన్స్ ద డోర్స్" అంటే వెర్బ్ కదల్లేదు. అంటే తలుపు ఆబ్జెక్ట్.

ఆబ్జెక్ట్‌ని గుర్తించడానికి తెలుగులో "ని", "ను" కోసం చూడటం కూడా సరిపోదు. మనం "పుస్తకం చదివాను", "పాలు తాగాడు" అంటాం. ప్రాణం లేని వాటికి ఆ ప్రత్యయాన్ని తరచుగా వదిలేస్తాం. "వైద్యుడు చూశాను" అని మాత్రం అనలేం, "వైద్యుణ్ని చూశాను" అనాల్సిందే. అందుకే "దేన్ని, ఎవర్ని" అన్న ప్రశ్న మీదే ఆధారపడండి.

3. గుంపులో పెద్ద పదం ఏదో తేల్చండి

సబ్జెక్ట్ ఒక్క పదమే కానక్కర్లేదు. "ద ప్రైస్ ఆఫ్ ఆనియన్స్" మొత్తం సబ్జెక్ట్ కావచ్చు. అందులో వెర్బ్‌ని శాసించేది "ప్రైస్". కాబట్టి "ద ప్రైస్ ఆఫ్ ఆనియన్స్ హ్యాజ్ గాన్ అప్" సరైనది, "హ్యావ్ గాన్ అప్" తప్పు. వెర్బ్‌కి పక్కనే ఉన్న "ఆనియన్స్" చెవిలో పడి చేయి "హ్యావ్" రాసేస్తుంది. "ఆఫ్" నుంచి మొదలయ్యే ముక్కను వేలితో మూసి చదివితే ఈ తప్పు రాదు. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్స్ లివ్స్ ఇన్ డల్లాస్" కూడా ఇంతే: ఉండేది ఒక్కడే, కాబట్టి "లివ్స్". కానీ "ఫ్రెండ్స్" బహువచనంలోనే ఉండాలి. "వన్ ఆఫ్ మై ఫ్రెండ్" అని చాలామంది అంటారు, అది తప్పు.

"ఎ లాట్ ఆఫ్ పీపుల్ ఆర్ వెయిటింగ్" దగ్గర ఈ వేలు పద్ధతి పనిచేయదు, అక్కడ "పీపుల్" పెత్తనం చేస్తుంది. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఆర్ ఆబ్సెంట్" కూడా అలాగే. కానీ "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ ఈజ్ ఫార్టీ" అనాలి, ఎందుకంటే ఇక్కడ మాట్లాడుతున్నది సంఖ్య గురించి. "న్యూస్" చివర "స్" ఉన్నా ఏకవచనం. "పోలీస్" ఏకవచనంలా కనిపించినా "ద పోలీస్ ఆర్ హియర్" అంటారు. "ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్" లెక్కపెట్టే మాటలు కావు, వాటికి "స్" తగిలించకండి.

4. "నాకు" వాక్యాలను తిప్పి కట్టండి

తెలుగువాళ్లు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సిన చోటు ఇదే. మనకు కలిగే అనుభవాలను, ఉన్నవాటిని, తెలిసినవాటిని మనం "నాకు"తో చెబుతాం. నాకు కాఫీ ఇష్టం. నాకు తెలుసు. నాకు ఇద్దరు అన్నయ్యలున్నారు. నాకు ఆకలేస్తోంది. ఈ వాక్యాల్లో తెలుగు క్రియ మనిషిని పట్టించుకోదు, వస్తువునే అనుసరిస్తుంది. "నాకు పులి కనిపించింది", "నాకు పులులు కనిపించాయి" పక్కపక్కన పెట్టి చూడండి. పులులు పెరిగితే క్రియ మారింది, నేను మాత్రం "నాకు" దగ్గరే ఉండిపోయాను.

ఇంగ్లీష్ ఇలాంటి చోట్ల దాదాపు ఎప్పుడూ మనిషిని సబ్జెక్ట్ చేసి, వస్తువుని ఆబ్జెక్ట్ చేస్తుంది: "ఐ సా ఎ టైగర్", "ఐ సా టూ టైగర్స్". ఈ తిప్పడం అలవాటు కావాలంటే "నాకు" వాక్యాలను మూడు రకాలుగా విడదీసుకోండి.

మొదటి రకంలో "ఉంది, ఉన్నారు" ఉంటాయి. వీటికి "హ్యావ్" సరిపోతుంది. నాకు ఇద్దరు అన్నయ్యలున్నారు: "ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్". ఆమెకు జ్వరంగా ఉంది: "షీ హ్యాజ్ ఎ ఫీవర్". "టు మీ టూ బ్రదర్స్ ఆర్ దేర్" అనేది తెలుగు వాక్యానికి ఇంగ్లీష్ పదాలు తొడగడమే.

రెండో రకం ఒంటికో మనసుకో కలిగే స్థితి. ఆకలి, దాహం, చలి, భయం, నిద్ర, కోపం అన్నీ తెలుగులో నామవాచకాలు, అవి మనకు వేస్తాయి, వస్తాయి. ఇంగ్లీష్‌లో సాధారణంగా అక్కడ విశేషణం పెడతారు: "ఐ యామ్ హంగ్రీ", "ఐ యామ్ థర్స్టీ", "ఐ యామ్ స్లీపీ". వచ్చిన క్షణాన్ని చెప్పాలంటే "ఐ గాట్ యాంగ్రీ". వీటిలో ఆబ్జెక్ట్ లేనే లేదు. "హంగర్", "యాంగర్" అనే నామవాచకాలు గుర్తొచ్చినా సబ్జెక్ట్ చోటులో పెట్టకండి.

మూడో రకానికి నేరుగా ఒక వెర్బ్ ఉంటుంది. ఇష్టం అంటే "లైక్", కావాలి అంటే "వాంట్" లేదా "నీడ్", తెలుసు అంటే "నో", అర్థమైంది అంటే "అండర్‌స్టుడ్", గుర్తుంది అంటే "రిమెంబర్", దొరికింది అంటే "ఫౌండ్", వినిపించింది అంటే "హర్డ్". అన్నిటికీ ముందు "ఐ", వెనక వస్తువు: "ఐ అండర్‌స్టుడ్ ద లెసన్", "ఐ ఫౌండ్ మై కీస్".

తెలుగు అచ్చులోనే నడిచే వెర్బులు కొన్ని ఉన్నాయి. నాకు అది తప్పనిపించింది: "ఇట్ సీమ్డ్ రాంగ్ టు మీ". ఇవి తక్కువ, ఎదురైనప్పుడు నేర్చుకుంటే చాలు.

ఒక జాగ్రత్త. ప్రతి "నాకు"నూ "ఐ" చేయకూడదు. "రవి నాకు పుస్తకం ఇచ్చాడు"లో కావాలని పని చేసిన రవి అనే కర్త వేరే ఉన్నాడు. అతనే సబ్జెక్ట్, నేను పుచ్చుకునేవాణ్ని: "రవి గేవ్ మీ ఎ బుక్". అలాంటి కర్త లేనప్పుడే "నాకు" లోని మనిషి ముందుకు రావాలి. "నాకు ఉత్తరం వచ్చింది"లో ఎవరూ లేరు, కాబట్టి "ఐ గాట్ ఎ లెటర్".

5. ఖాళీ చోట్లు నింపండి

తెలుగు క్రియ చివర్లోనే కర్త దాగి ఉంటాడు. "వస్తున్నాను" అంటే నేనని, "వస్తున్నావు" అంటే నువ్వని తెలిసిపోతుంది. ఇంగ్లీష్ వెర్బ్‌కి అంత శక్తి లేదు, కాబట్టి సబ్జెక్ట్‌ని రాయాల్సిందే: "ఐ యామ్ కమింగ్". "కమ్ హియర్" లాంటి ఆజ్ఞలకు మాత్రమే మినహాయింపు. చెప్పడానికి ఎవరూ లేకపోయినా చోటు ఖాళీగా ఉంచరు. వాన పడుతోంది అంటే "ఇట్ ఈజ్ రెయినింగ్", ఆలస్యమైంది అంటే "ఇట్ ఈజ్ లేట్". మా వీధిలో రెండు దుకాణాలున్నాయి అంటే "దేర్ ఆర్ టూ షాప్స్ ఆన్ అవర్ స్ట్రీట్". ఇక్కడ "ఈజ్" వస్తుందా "ఆర్" వస్తుందా అన్నది వెనకొచ్చే "షాప్స్"ని బట్టి ఉంటుంది.

ఆబ్జెక్ట్ విషయంలో ఈ తప్పు ఇంకా ఎక్కువ, ఎవరూ సరిదిద్దరు కూడా. "ఆ సినిమా చూశావా?" అంటే "చూశాను, బాగా నచ్చింది" అంటాం. ఇంగ్లీష్‌లో "ఐ సా, ఐ లైక్డ్" అని ఆగకూడదు. "ఐ సా ఇట్, ఐ రియల్లీ లైక్డ్ ఇట్" అనాలి. "ఎంజాయ్" కూడా అంతే: "ఐ ఎంజాయ్డ్ ద ట్రిప్", లేదా "ఐ ఎంజాయ్డ్ మైసెల్ఫ్". "ఈట్, రీడ్, కుక్, డ్రైవ్" వంటివి మాత్రం ఆబ్జెక్ట్ లేకుండా నిలబడగలవు.

దీనికి ఎదురు తప్పూ ఉంది. "మా నాన్న, ఆయన బ్యాంకులో చేస్తారు" అన్నట్టు "మై ఫాదర్ హీ వర్క్స్ ఇన్ ఎ బ్యాంక్" అంటారు. ఒక చోటులో ఇద్దర్ని పెట్టినట్టయింది. "హీ" తీసేయండి.

లెక్కపెట్టగల ఏకవచన నామవాచకం సాధారణంగా ఏ చోట్లోనూ ఒంటరిగా నిలబడదు. "ఐ బాట్ ఫ్యాన్" కాదు, "ఐ బాట్ ఎ ఫ్యాన్". "ఎ, ద, మై, దిస్" వంటి వాటిలో ఏదో ఒకటి ముందుండాలి.

6. వెర్బ్‌కీ ఆబ్జెక్ట్‌కీ మధ్య ఏముందో చూడండి

సమస్య గురించి చర్చించాం, ఆమెతో పెళ్లయింది, ఊరికి చేరాం, గదిలోకి వెళ్లాడు. ఈ "గురించి, తో, కి, లోకి" ఇంగ్లీష్‌లోకి దొంగతనంగా వచ్చేస్తాయి: "వి డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్", "హీ మ్యారీడ్ విత్ హర్", "వి రీచ్డ్ టు ద విలేజ్", "హీ ఎంటర్డ్ ఇంటు ద రూమ్". నాలుగూ తప్పే. ఈ వెర్బులు ఆబ్జెక్ట్‌ని నేరుగా తీసుకుంటాయి: "డిస్కస్డ్ ద ప్రాబ్లమ్", "మ్యారీడ్ హర్", "రీచ్డ్ ద విలేజ్", "ఎంటర్డ్ ద రూమ్". "మెన్షన్, రిజెంబుల్, కాంటాక్ట్, ఆన్సర్, రిక్వెస్ట్, ఆర్డర్" కూడా ఇదే జాబితా.

తప్పుకు ఇంకో కారణం ఇంగ్లీష్‌లోనే ఉంది. అదే మాట నామవాచకంగా వచ్చినప్పుడు ప్రిపోజిషన్ కావాలి: "ఎ డిస్కషన్ అబౌట్ ద ప్రాబ్లమ్", "ఎ రిక్వెస్ట్ ఫర్ లీవ్", "ద ఆన్సర్ టు ద క్వశ్చన్". వెర్బ్ అయితే "ఐ రిక్వెస్టెడ్ లీవ్", "ఐ ఆన్సర్డ్ ద క్వశ్చన్". ఆఫీసు మెయిల్స్‌లో "రిక్వెస్టెడ్ ఫర్", "డిస్కస్డ్ అబౌట్" అన్న రెండింటినీ పంపేముందు వెతికి సరిచేసుకున్నా ఇలాంటి తప్పులు చాలా తగ్గుతాయి.

మనం ఏమీ పెట్టకపోయినా ఇంగ్లీష్ అడిగే చోట్లూ ఉన్నాయి. పాట విన్నాను అంటే "ఐ లిజన్డ్ టు ఎ సాంగ్". ఫొటో చూడు అంటే "లుక్ ఎట్ ద ఫొటో". ఇవి వెర్బ్‌తో కలిపి కంఠస్థం చేయాల్సినవే.

ఇక క్రియా విశేషణాన్ని వెర్బ్‌కీ ఆబ్జెక్ట్‌కీ మధ్య ఇరికించకండి. "షీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్" కాదు, "షీ స్పీక్స్ ఇంగ్లీష్ వెల్".

7. ఆబ్జెక్టులు రెండున్నప్పుడు

"షీ గేవ్ రవి ఎ బుక్" అనొచ్చు, "షీ గేవ్ ఎ బుక్ టు రవి" అనొచ్చు. మనిషి ముందొస్తే "టు" ఉండదు, వెనక్కెళ్తే "టు" కావాలి. "గివ్, సెండ్, షో, టీచ్, లెండ్, టెల్" ఇలా నడుస్తాయి. "బై (కొనడం), మేక్, కుక్" అయితే "టు" బదులు "ఫర్" వస్తుంది: "ఐ బాట్ ఎ శారీ ఫర్ మై మదర్". వస్తువు "ఇట్" అయినప్పుడు రెండో పద్ధతే మేలు: "షీ గేవ్ ఇట్ టు హిమ్".

"ఎక్స్‌ప్లెయిన్, సే, సజెస్ట్, డిస్క్రైబ్" ఈ వెసులుబాటు ఇవ్వవు. "హీ ఎక్స్‌ప్లెయిన్డ్ మీ ద రూల్" తప్పు, "హీ ఎక్స్‌ప్లెయిన్డ్ ద రూల్ టు మీ" ఒప్పు. "హీ సెడ్ మీ" తప్పు, మనిషిని వెంటనే చెప్పాలంటే "హీ టోల్డ్ మీ".

8. సర్వనామం రూపం సరిచూడండి

సబ్జెక్ట్ చోట "ఐ, హీ, షీ, వి, దే". ఆబ్జెక్ట్ చోటా, ప్రిపోజిషన్ వెనకా "మీ, హిమ్, హర్, అస్, దెమ్". ఒక్కరే ఉన్నప్పుడు ఎవరూ తప్పు చేయరు, ఇద్దరైతేనే తడబాటు. అప్పుడు రెండోవాణ్ని తీసేసి చదవండి. "షీ ఇన్వైటెడ్ రవి అండ్ ఐ" సరైనదా? రవిని తీస్తే "షీ ఇన్వైటెడ్ ఐ" మిగిలింది, అది కుదరదు. కాబట్టి "రవి అండ్ మీ". "అండ్ ఐ" అంటేనే మర్యాద అనుకుని అన్నిచోట్లా వాడేవాళ్లు ఉన్నారు, "బిట్వీన్ యు అండ్ ఐ" కూడా అలాంటి తప్పే. "బిట్వీన్" ప్రిపోజిషన్, దాని వెనక "మీ" రావాలి.

9. ప్రశ్నల్లో "డిడ్" ఎప్పుడు?

నీకు ఎవరు ఫోన్ చేశారు? "హూ కాల్డ్ యు?" నువ్వు ఎవరికి ఫోన్ చేశావు? "హూ డిడ్ యు కాల్?" మొదటిదాంట్లో "హూ" సబ్జెక్ట్ చోటులో ఉంది, కాబట్టి వరుస మామూలే, "డిడ్" అక్కర్లేదు. రెండోదాంట్లో "హూ" ఆబ్జెక్ట్. అది వెర్బ్ వెనకనుంచి ముందుకొచ్చింది, అందుకే "డిడ్" కావాలి. "వాట్ హ్యాపెన్డ్?", "హౌ మెనీ పీపుల్ కేమ్?" మొదటి రకం. "వాట్ డిడ్ హ్యాపెన్?" అని మామూలుగా అడగరు.

10. ఆబ్జెక్ట్‌లా కనిపించేవాటిని వేరుచేయండి

"షీ బికేమ్ ఎ డాక్టర్"లో "డాక్టర్" వెర్బ్ వెనకే ఉన్నా ఆబ్జెక్ట్ కాదు, ఆమే డాక్టర్. సందేహం వస్తే దాన్ని ముందుకు తెచ్చి ప్యాసివ్ చేయండి. "ద పోలీస్ కాట్ ద థీఫ్" నుంచి "ద థీఫ్ వజ్ కాట్ బై ద పోలీస్" వస్తుంది. "ఎ డాక్టర్ వజ్ బికమ్ బై హర్" రాదు.

ఇదే పరీక్ష ఇంకో తప్పును కూడా ఆపుతుంది. ఆబ్జెక్ట్ తీసుకోని వెర్బ్‌కి ప్యాసివ్ ఉండదు. "హ్యాపెన్, ఆకర్, డై, అరైవ్" అలాంటివి. కాబట్టి "ద యాక్సిడెంట్ వజ్ హ్యాపెన్డ్" తప్పు, "ద యాక్సిడెంట్ హ్యాపెన్డ్" చాలు.

ఒక చిన్న పేరా కట్టి చూడండి

"నిన్న నాకు ఒంట్లో బాగోలేదు. డాక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. జ్వరం ఉందన్నారు. మందులు రాసిచ్చారు. మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను. వెంటనే వచ్చింది."

ఇంగ్లీష్‌లో: "ఐ వజ్ నాట్ వెల్ యెస్టర్‌డే. ఐ వెంట్ టు ద డాక్టర్. షీ సెడ్ ఐ హాడ్ ఎ ఫీవర్. షీ ప్రిస్క్రైబ్డ్ సమ్ మెడిసిన్. ఐ కాల్డ్ మై సిస్టర్ అండ్ టోల్డ్ హర్. షీ కేమ్ ఇమీడియట్‌లీ."

తెలుగులో మొదటి వాక్యంలోని "నాకు" తప్ప, ఎవరి గురించో ఎవరు చేశారో చెప్పే మాట ఒక్కదాని ముందూ కనిపించదు, ఇంగ్లీష్‌లో ప్రతి వాక్యానికీ సబ్జెక్ట్ వచ్చింది. మొదటి "నాకు" "ఐ" అయింది. "చెప్పాను" దగ్గర తెలుగులో లేని "హర్" చేరింది. "అక్కకి" లోని "కి" పోయింది, ఎందుకంటే "కాల్" ఆబ్జెక్ట్‌ని నేరుగా తీసుకుంటుంది. "అన్నారు, రాసిచ్చారు" గౌరవ బహువచనాలు. ఆ బహువచనాన్ని చూసి "మై ఫాదర్ ఆర్ కమింగ్" అన్నట్టు వెర్బ్ రాయకండి. డాక్టర్ ఒక్కరే, ఆడో మగో తెలుగు చెప్పలేదు కాబట్టి "హీ" పెట్టాలా "షీ" పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవాలి. రెండు వాక్యాల తర్వాత అక్క కూడా "షీ" అవుతోంది. చదివేవాళ్లకు వచ్చింది డాక్టరా అక్కా అని ఒక్క క్షణం అనుమానం వచ్చినా, చివరి వాక్యాన్ని "మై సిస్టర్ కేమ్ ఇమీడియట్‌లీ" అని రాయండి.